ఫార్మాట్ కొట్టే ముందు ఎఫ్2 నొక్కండి

పోస్టు పొడవుగా ఉంటుంది. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివినాక తిట్టండి.

పోయిన వారం ఒక తమ్ముడు ఇక్కడే ఒక ఫోటో పెట్టినాడు. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర, దాని మీద 'నో బూటబుల్ డివైస్' అని ఒక్క లైను. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాగితాలన్నీ స్కాన్ చేసి అందులోనే పెట్టినా, ఇప్పుడు ఏం చేయాలన్నా అని అడిగినాడు. కింద వచ్చిన కామెంట్లు రెండే రకాలు. మొదటి రకం: "మనకెందుకురా అయ్యన్నీ, అంగట్లో ఇచ్చేయ్, ఐదు వందలు తీసుకుని కొత్త విండోస్ ఎక్కించి ఇస్తాడు." రెండో రకం: "బయోస్‌లోకి పోయి సెక్యూర్ బూట్ ఆఫ్, టీపీఎం ఆఫ్, అన్నీ ఆఫ్ చేసి కొట్టేయ్ బ్రో." ఆ బయోస్‌లో అసలు డిస్క్ కనపడతా ఉండాదా లేదా అని ఒక్కరంటే ఒక్కరు ఆ పిల్లోడిని అడగలేదు.

మేము ఈ రెండు సలహాలకూ వ్యతిరేకం. మొదటిది మన చేతులు కట్టేస్తుంది. రెండోది మన ఫైళ్లు పోగొడుతుంది. ఎందుకో వివరంగా చెప్తాం.

ముందు మేమెవరమో చెప్పాలి. వడమాలపేట మండలంలో ఎరుకల, యానాది, సుగాలి ఇళ్ల నుంచి పుత్తూరుకు, తిరుపతికి బస్సుల్లో పోయి చదువుకునే కొందరం. మాలో సగం మందివి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు. మిగతా సగం మందికి అవీ లేవు, రూమ్మేట్ నిద్రపోయినాక అడిగి తీసుకుని వాడుకుంటారు. నాయన మామిడి కోతలకు పోయి తెచ్చిన కూలి, అమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, ఇట్లాంటి డబ్బుతో ఇంటికి వచ్చిన మిషన్లు అవి. అట్లాంటి మిషన్‌ను "ఫార్మాట్ కొట్టేయ్" అనడం మన దగ్గర చాలా తేలికైన మాట అయిపోయింది. మా మధ్య జరిగిన ఒక సంగతి తర్వాత ఆ మాట వింటే మాకు ఒళ్లు మండుతుంది.

మా అక్కల్లో ఒకరు పీజీ ప్రాజెక్టు కోసం ఎరుకల భాష మాటలు సేకరించినారు. రెండు ఎండాకాలాలు ఊరూరూ తిరిగి అవ్వల దగ్గర కూర్చుని రికార్డు చేసినారు. బుట్టలల్లేటప్పుడు ఒక్కో రకం ఈనెకు ఒక్కో పేరు, పందుల దొడ్డి మాటలు, సోది చెప్పేటప్పుడు తప్ప మామూలుగా నోట రాని మాటలు. బయటోళ్ల ముందు మన పెద్దోళ్లు ఆ భాష మాట్లాడరని మీకు తెలుసు. మాట్లాడించడానికే ఆమెకు మొదటి ఎండాకాలం మొత్తం పట్టింది. అంతా ల్యాప్‌టాప్‌లో ఉంది. ఒక పొద్దున ఆన్ చేస్తే నీలి తెర, 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అని. అంగట్లో చూసి "ఓఎస్ కరప్ట్ అయిందమ్మా" అన్నారు. సాయంత్రానికి కొత్త విండోస్‌తో చేతికిచ్చినారు. లోపల ఏమీ లేదు. ఎస్ఎస్‌డీ కాబట్టి రికవరీ సాఫ్ట్‌వేర్లకూ ఏమీ చిక్కలేదు. ఆ అవ్వల్లో ఇద్దరు ఇప్పుడు లేరు.

నాలుగు నెలల తర్వాత అదే ల్యాప్‌టాప్‌లో అదే నీలి తెర. ఈసారి అంగడికి పోకముందు మాలో డిప్లొమా చదివే ఒకడు బయోస్ తెరిచి చూసినాడు. లోపలి గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంది. అక్కడే అర్థమైపోయింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, చాలా వాటిలో సీఆర్ 2032 రకం. కరెంటు లేనప్పుడు గడియారాన్ని, పాత మిషన్లలో సెట్టింగులను కూడా అదే కాపాడుతుంది. అది చచ్చిపోయింది. పెద్ద బ్యాటరీ కూడా పూర్తిగా దిగిపోయినప్పుడల్లా బయోస్ అన్నీ మర్చిపోయి, కంపెనీలో పెట్టిన మొదటి సెట్టింగులకు పోతా ఉంది. అందులో డిస్క్‌తో మాట్లాడే పద్ధతి కూడా ఒకటి. విండోస్ ఎక్కించినప్పుడు అది ఏహెచ్‌సీఐలో ఉంది, ఇప్పుడు రెయిడ్‌కు మారిపోయింది. విండోస్ అట్లనే ఉంది, డిస్క్ అట్లనే ఉంది. ఒకరి భాష ఒకరికి అర్థం కావడం లేదు, అంతే. మావోడు దాన్ని మళ్లీ ఏహెచ్‌సీఐకి మార్చి సేవ్ చేసినాడు. నిమిషంలో డెస్క్‌టాప్ వచ్చింది. తర్వాత బిళ్ల బ్యాటరీ మార్చినాం. ఒక బిర్యానీ ఖరీదు కూడా కాలేదు.

మొదటిసారి జబ్బు కూడా ఇదే. కొత్త విండోస్ ఏహెచ్‌సీఐలో పనిచేసిందంటే, అంగట్లో ఆ పేజీలోకి పోయినారు, ఆ సెట్టింగు మార్చినారు కూడా. మార్చినాక పాత విండోస్ లేస్తుందేమో అని ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడలేదు. వాళ్లకు అవసరం లేదు. వాళ్లకు తెలిసిన పని విండోస్ ఎక్కించడం, మనం డబ్బులిచ్చేదీ దానికే. అంగడోడిని దొంగ అనడం లేదు మేము. రోజుకు ఎన్నో మిషన్లు చూసేవాడికి మన అవ్వ గొంతు ఏ ఫోల్డరులో ఉందో తెలియదు. తెలిసింది మనకే. అందుకే ఆ పేజీ ముందు కూర్చోవాల్సింది మనమే.

ఇంతకీ ఆ పేజీ ఏంది? పవర్ బటన్ నొక్కినాక విండోస్ రాకముందు కొన్ని క్షణాలు కంపెనీ బొమ్మ కనపడుతుంది కదా, ఆ సమయంలో నడిచేది మదర్‌బోర్డు మీద ఒక చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాము. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. పాతదాని పేరు బయోస్, ఇప్పటిది యూఈఎఫ్ఐ, నోటికి అలవాటై రెండింటినీ బయోస్ అనే పిలుస్తాం. ర్యామ్ ఉందా, డిస్క్ ఉందా, కీబోర్డు ఉందా చూసుకుని, ఏ డిస్క్ నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను లేపాలో తేల్చి, దాని చేతికి పగ్గాలిచ్చి పక్కకు జరుగుతుంది. అది డిస్క్‌లో ఉండదు కాబట్టి మీరు వందసార్లు ఫార్మాట్ కొట్టినా దానికేమీ కాదు. దాంట్లో తప్పు ఉంటే ఆ తప్పూ అట్లనే ఉంటుంది. ఆ తమ్ముడి 'నో బూటబుల్ డివైస్' సంగతే తీసుకోండి. బయోస్‌లో డిస్క్ పేరే కనపడకపోతే అది వదులైన కనెక్షనో, పోయిన డిస్కో కావచ్చు, విండోస్ ఎక్కించడానికి జాగానే లేదు. కనపడతా ఉంటే, బూట్ వరస మారిందేమో, యూఈఎఫ్ఐలో ఉండాల్సింది లెగసీకి పోయిందేమో ముందు చూడాలి. ఫార్మాట్ మాట ఆ తర్వాత.

ఇప్పుడు "అన్నీ ఆఫ్ చేసేయ్" బ్యాచ్ సంగతికి వస్తాం. వీళ్ల మీదే మాకు ఎక్కువ కోపం, ఎందుకంటే వీళ్లు మనోళ్లే, ధైర్యం ఉన్నోళ్లే, కానీ ఏదో వీడియోలో చూసింది చూసినట్టు ఇంకొకరి మిషన్ మీద పడేస్తారు.

సెక్యూర్ బూట్ అంటే మన ఎస్వీ పురం టోల్‌గేటు అనుకోండి. ట్యాగ్ ఉన్న బండి వస్తే గేటు లేస్తుంది, లేకపోతే లేవదు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో మొట్టమొదట లేచే ప్రోగ్రాముకు, చిప్‌లో ఉన్న జాబితాకు సరిపోయే డిజిటల్ సంతకం ఉందా అని చూస్తుంది. విండోస్ లేవకముందే దూరి దాక్కునే వైరస్‌లను ఆపడానికి అది. 2012లో విండోస్ 8తో పాటు వచ్చే ల్యాప్‌టాప్‌లలో తప్పనిసరి అయింది. ఆ జాబితాలో మైక్రోసాఫ్ట్ సంతకాలే ప్రధానంగా ఉండటం మీద అప్పుడే పెద్ద గొడవ జరిగింది, నిజమే. మన మిషన్‌లో ఏది లేవాలో అమెరికాలో కంపెనీ తేల్చడమేంది అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ వాళ్లు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. కానీ దాని తర్వాత లినక్స్ వాళ్లు దారి వెతుక్కున్నారు. సంతకం చేయించుకున్న షిమ్ అనే చిన్న ప్రోగ్రామును ముందు నిలబెట్టి దాని వెనక తమ సిస్టమ్‌ను తీసుకొస్తున్నారు. ఉబుంటు, ఫెడోరా లాంటివి సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే ఎక్కుతాయి. "లినక్స్ కావాలంటే సెక్యూర్ బూట్ ఆఫ్ చేయాల్సిందే" అనేది ఎప్పటి మాటో. కొన్ని లినక్స్‌లకు, కొన్ని డ్రైవర్లకు ఇప్పటికీ ఆఫ్ చేయాల్సి రావచ్చు. అప్పుడు చేయండి, పని అయినాక మళ్లీ ఆన్ చేయండి.

ఊరికే ఆఫ్ చేస్తే ఏమవుతుందంటే, ఈ కాలపు విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి డిస్క్ మొత్తం తాళం వేసి ఉంటుంది. మీరు వేయలేదంటారా? అదే వేసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చెప్పాపెట్టకుండా ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఇది మరీ ఎక్కువ మిషన్లకు వర్తిస్తుంది. ఆ తాళానికి చెవి టీపీఎం అనే చిప్‌లో ఉంటుంది. సెక్యూర్ బూట్ మార్చినా, టీపీఎం ఆపినా, ఇంకా ఘోరంగా 'క్లియర్ టీపీఎం' నొక్కినా, మరుసటిసారి ఆన్ చేసినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నట్టే ఉంటుంది, ఎవరికీ కనపడదు.

ఆ 48 అంకెలు ఎక్కడుంటాయి? ల్యాప్‌టాప్‌ను మొదట ఎవరి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్ చేసినారో వాళ్ల అకౌంట్‌లో. ఇప్పుడు గుర్తు చేసుకోండి. మీ ల్యాప్‌టాప్ కొన్న రోజు ఎవరు సెట్ చేసినారు? "మెయిల్ ఐడీ లేదామ్మా? సరే నాది వేస్తాలే" అన్నది ఎవరు? మాలో ముగ్గురి ల్యాప్‌టాప్‌లలో మేము చూసినాం. ముగ్గురి తాళాలూ ముక్కూమొహం తెలియని మనుషుల మెయిళ్లలో ఉన్నాయి. ఇంటికి తాళం మనం వేసుకుని చెవి మాత్రం ఊరవతల ఎవరికో ఇచ్చి వచ్చినట్టు. ఈ పోస్టులో మిగతాదంతా మర్చిపోయినా ఫర్లేదు, ఈ రోజు రాత్రికే మీ అకౌంట్‌లో రికవరీ కీ ఉందో లేదో చూసుకుని, ఒక నోటుబుక్కులో పెన్నుతో రాసి పెట్టుకోండి. ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేయొద్దు, అది తాళం వేసిన పెట్టెలో చెవి పెట్టడమే.

డబ్బు సంగతి కూడా మాట్లాడాలి. ఒరిజినల్ విండోస్‌తో అమ్మిన ల్యాప్‌టాప్ అయితే, విండోస్ 8 కాలం నుంచి దాని లైసెన్స్ కీ ఆ ఫర్మ్‌వేర్ చిప్‌లోనే రాసి ఉంటుంది. అదే ఎడిషన్ మళ్లీ ఎక్కిస్తే కీ అడగకుండానే అదే తీసుకుంటుంది. ఇన్‌స్టాలర్ మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఉచితం, 8 జీబీ పెన్‌డ్రైవ్ ఉంటే చాలు. అంటే మీ నాయన కొన్నరోజే విండోస్‌కూ కలిపి కట్టేసినాడు. మరి అంగట్లో మనం ఏం చేయించుకుంటున్నాం? చిప్‌లో హోమ్ ఎడిషన్ లైసెన్స్ పెట్టుకుని, దాని మీద దొంగ యాక్టివేటర్ కొట్టిన ప్రో ఎడిషన్ ఎక్కించుకుని, పైన డబ్బులిచ్చి వస్తున్నాం. ఆ యాక్టివేటర్ పనిచేయాలని యాంటీవైరస్ కూడా వాళ్లే ఆపి ఇస్తారు. డాస్‌తో తక్కువ ధరకు కొన్న ల్యాప్‌టాప్‌లకు ఈ కీ ఉండదు, అది వేరే లెక్క.

ఇంకో రకం నష్టం చెప్పి ఈ టెక్నికల్ గొడవ ముగిస్తాం. పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ మొదలుపెడితే ఒక్కోసారి "ఈ డిస్క్‌లో విండోస్ ఎక్కించలేం, ఇది జీపీటీ పద్ధతిలో ఉంది" అని వస్తుంది. చాలామంది అక్కడ చేసే పని, పార్టిషన్లన్నీ డిలీట్ చేయడం. సీ డ్రైవ్‌తో పాటు డీ డ్రైవ్‌లో ఉన్న ఫోటోలు, సర్టిఫికెట్లు, అన్నీ గంగలో. నిజానికి డిస్క్‌లో తప్పేమీ లేదు. పెన్‌డ్రైవ్ లెగసీ పద్ధతిలో లేచింది, డిస్క్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉంది. వెనక్కి వచ్చి బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్‌ను యూఈఎఫ్ఐ అని ఉన్న లైను నుంచి లేపితే ఆ మాటే రాదు. అట్లనే ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనపడదు. "ఎస్ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాలి" అంటారు. పోలేదు. వీఎండీ అనే సెట్టింగు ఆన్‌లో ఉంది, ఇన్‌స్టాలర్ దగ్గర దాని డ్రైవర్ లేదు. ఆ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని లోడ్ చేస్తే కనపడుతుంది. లేదా పాత విండోస్ ఎటూ వద్దనుకుంటే వీఎండీ ఆపి ఎక్కించుకోవచ్చు. పాత విండోస్ కావాలనుకునేవాళ్లు మాత్రం ఊరికే దాన్ని ఆపొద్దు, మా అక్కకు వచ్చిన నీలి తెరే మీకూ వస్తుంది.

"ఇదంతా ఇంజినీర్ల పని, మనకు రాదులే" అనేవాళ్లకు ఒక పాత కథ. 1981లో ఐబీఎం తన పీసీని అమ్మకానికి తెచ్చినప్పుడు, దాంట్లో సామాన్లు ఎక్కువ భాగం బజారులో దొరికేవే. ఐబీఎం సొంతమని గట్టిగా చెప్పుకోగలిగింది ఈ బయోస్‌నే. దాని కోడ్‌ను పుస్తకంలో అచ్చువేసినారు కూడా, కానీ కాపీ కొడితే కోర్టుకు ఈడుస్తారు. కాంపాక్ అనే కంపెనీ ఏం చేసిందంటే, ఆ కోడ్ చదివినవాళ్లను ఒక పక్క, చదవనివాళ్లను ఇంకో పక్క పెట్టింది. అది ఏమేం పని చేస్తుందో మాత్రమే చదివినవాళ్లు రాసిచ్చినారు, చదవనివాళ్లు దాన్ని చూసి సొంతంగా కొత్త బయోస్ రాసినారు. 1982లో ఆ పీసీని ప్రకటించినారు. 1984కు ఫీనిక్స్ అనే కంపెనీ అదే దారిలో బయోస్ రాసి అందరికీ అమ్మడం మొదలుపెట్టింది. ఆ తర్వాతే చవక పీసీలు ప్రపంచమంతా వచ్చినాయి. ఈ రోజు మన ఒళ్లో ఉన్న సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ ఆ పని పుణ్యమే. అప్పట్లో వాళ్లు కోడ్ మొత్తం కూర్చుని రాసినారు. మనకు అంత పని లేదు, బాణం బటన్లతో నాలుగు పేజీలు తిప్పి చదివితే చాలు.

ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నామంటే, విండోస్ 10కు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినాయి. పేరు నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ 13 దాకా పొడిగింపు ఇచ్చినారు. విండోస్ 11కు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్‌కు పనికొచ్చే ఫర్మ్‌వేర్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ ఉండాలంటారు. మనోళ్లు కొన్నవి ఎక్కువ భాగం అంతకంటే పాతవి. చక్కగా పనిచేసే మిషన్‌ను చెత్త అని తీర్మానం చేసే ఈ పద్ధతి మీద మాకు కోపమే. కానీ ఇందులో ఒక తమాషా ఉంది. మాలో ఒకరి ల్యాప్‌టాప్ "విండోస్ 11కు పనికిరాదు" అని చూపిస్తే కొత్తది కొనడానికి వడ్డీకి డబ్బు మాట్లాడినారు. బయోస్ తెరిస్తే టీపీఎం ఉంది, ఊరికే ఆఫ్‌లో ఉంది. ఇంటెల్ మిషన్లలో అది పీటీటీ అనే పేరుతో, ఏఎండీ మిషన్లలో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడలేదు. ఆన్ చేసినాక ఎక్కింది. వడ్డీ తప్పింది.

నిజంగానే పాతదైతే లినక్స్ ఉంది. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్లుగా దాని మీదే చదువుకుంటున్నారు. మనకు ఆనుకునే ఉన్న తమిళనాడులో 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్ పక్కనే సీడాక్ వాళ్ల బాస్ లినక్స్ కూడా పెట్టి ఇచ్చినారు. నగరి దాటితే వాళ్లు, ఇవతల మనం. తెలుగులో స్వేచ్ఛ వాళ్లు చేసిన పని ఉంది. స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు, ప్రాజెక్టు రాసుకోవడానికి, కోడింగ్‌కు అది చాలు. అది ఎక్కించాలన్నా దారి ఆ పేజీ మీదుగానే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఒక మాట, ఇది మామూలు జాగ్రత్త కాదు. తిరుపతిలో గానీ చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ కొనేటప్పుడు తెర మెరుపు, బ్యాటరీ గంటలు చూసి డబ్బులివ్వొద్దు. అమ్మేవాడి ముందే ఆఫ్ చేసి, బయోస్‌లోకి పోయి చూపించమనండి. అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగితే వదిలేసి రండి. ఆ పాస్‌వర్డ్ ఏదో పాత కంపెనీ వాళ్లది, రేపు మీరు ఒక్క సెట్టింగూ మార్చలేరు. వ్యాపార ల్యాప్‌టాప్‌లలో ఒక్కోసారి కంపెనీ నిఘా ప్రోగ్రాము ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. ఇంకోటి, కొన్ని మిషన్లు బాగానే ఉంటాయి, కొత్తగా విండోస్ ఎక్కించి నెట్ తగిలించగానే ఏదో కంపెనీ పేరు వేసి ఉద్యోగి లాగిన్ అడుగుతాయి. కంపెనీ ఆ మిషన్‌ను తన లెక్కలోంచి తీసేయలేదన్నమాట. అమ్మినోడు ఎట్ల తెచ్చినాడో మనకు తెలియదు.

వేరే కులపోళ్ల పిల్లోడి చేతిలో అట్లాంటి ల్యాప్‌టాప్ ఉంటే "పాపం మోసపోయినాడు" అంటారు. మన పిల్లోడి చేతిలో ఉంటే ఏమంటారో మీకు చెప్పనక్కర్లేదు. 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911 తర్వాత మన మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలోళ్లను పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే చీటీ. స్టూవర్టుపురం, కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంట్లు ఆ చట్టం కింద నడిచినవే. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర కాగితాల్లో పోయింది. మనుషుల కళ్లల్లో ఎంత పోయిందో బస్టాండులో బ్యాగు భుజానికి వేసుకుని నిలబడిన ప్రతి తమ్ముడికీ తెలుసు. అందుకే చెప్తున్నాం, బిల్లు లేకుండా కొనొద్దు, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, ఆ నంబరు బయోస్ పేజీలో కనపడే నంబరుతో సరిపోతుందో లేదో అక్కడే చూసుకోండి. సరిపోకపోతే ఎంత చవకైనా వద్దు.

కాలేజీల గురించి ఒక్క ముక్క. ఆపరేటింగ్ సిస్టమ్స్ అని ఒక పేపరు ఉంది. డెడ్‌లాక్, పేజింగ్, బ్యాంకర్స్ అల్గారిథమ్, అన్నీ బట్టీపట్టి పాసైపోతాం. ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్‌ను చేత్తో ఎక్కించకుండానే సర్టిఫికెట్ వస్తుంది. ల్యాబ్ మిషన్లకు బయోస్ పాస్‌వర్డ్ పెట్టడం మాకు అర్థమవుతుంది, రోజుకొకరు కెలికితే ల్యాబ్ నడవదు. కానీ స్టోర్ రూములో దుమ్ము పట్టిన పాత మిషన్ ఒకటి బయటపెట్టి "ఇది మీది, విప్పుకోండి, చెడగొట్టుకోండి" అనడానికి ఎవరికి ఖర్చు? ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లోడు ఇవన్నీ పదో క్లాసులోనే చెడగొట్టి నేర్చుకుంటాడు. మనకు చెడగొట్టుకునే మిషన్ లేదు. అసలు తేడా అక్కడ ఉంది, తెలివిలో కాదు.

"పాడైపోతే ఎవరిది బాధ్యత?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. చూసినంత మాత్రాన ఏదీ పాడు కాదు. లోపలికి పోయి, తిప్పి చూసి, 'సేవ్ చేయకుండా బయటికి' అని వచ్చేయొచ్చు. ముట్టుకోకూడనివి కొన్నే. బయోస్ అప్‌డేట్ అవసరం లేకుండా చేయొద్దు. చేస్తే ఛార్జర్ పెట్టి, బ్యాటరీ నిండా ఉన్నప్పుడు చేయండి, మన ఊర్ల కరెంటును నమ్ముకుని డెస్క్‌టాప్‌లో అసలు చేయొద్దు, మధ్యలో ఆగితే బోర్డు పోవచ్చు. క్లియర్ టీపీఎం జోలికి పోవద్దు. అర్థం కాని వోల్టేజి అంకెలు మార్చొద్దు. కొన్ని ఏసర్ ల్యాప్‌టాప్‌లలో సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే తప్ప సెక్యూర్ బూట్ లైను కదలదు. పెట్టండి, పని అయినాక ఖాళీ పాస్‌వర్డ్ ఇచ్చి తీసేయండి. పెట్టి మర్చిపోయినవాళ్ల ల్యాప్‌టాప్‌లకు మదర్‌బోర్డు దాకా పోవాల్సి వస్తుంది.

మార్చే ముందు ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీయండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, రీస్టార్ట్ చేసి చూడండి, పని జరగకపోతే ఫోటో చూసి వెనక్కి పెట్టండి. డెల్‌కు, ఆసుస్‌కు, ఏసర్‌కు ఎఫ్2. హెచ్‌పీకి ఎఫ్10. లెనోవోలో ఐడియాప్యాడ్‌కు ఎఫ్2, థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1. ఎంత నొక్కినా లోపలికి పోకపోతే అది మీ వేలి తప్పు కాదు. విండోస్ పూర్తిగా ఆఫ్ కాకుండా సగం నిద్రలో ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే వచ్చే మెనూలో, ట్రబుల్‌షూట్ లోపల ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్ అని ఉంటుంది, అక్కడి నుంచి పోవచ్చు.

ఫోటో పెట్టిన ఆ తమ్ముడితో ఫోన్‌లో మాట్లాడినాం. బయోస్‌లో డిస్క్ పేరు కనపడతా ఉండాదంట. అంగడికి ఇవ్వొద్దని చెప్పినాం, ఆగినాడు. ఈ ఆదివారం పొద్దున పదికి వడమాలపేటలో కూర్చుంటున్నాం, చోటు కామెంటులో పెడతాం. ల్యాప్‌టాప్ లేనివాళ్లు కూడా రండి, మా రెండు పాత మిషన్లు చెడగొట్టుకోవడానికే తెస్తున్నాం. వచ్చేటప్పుడు 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, ఆ 48 అంకెలు రాసిన నోటుబుక్కు తెచ్చుకోండి. ఛార్జర్ మర్చిపోవద్దు, మధ్యాహ్నం పైన కరెంటు పోతా వస్తా ఉండాది.